కడుపునొప్పి అని రాసేసిన గడి

జిల్లా ఎడిషన్ చదివే అలవాటున్నవాళ్లకి ఈ వాక్యం కంఠతా వచ్చే ఉంటుంది: ‘కడుపునొప్పి తాళలేక యువతి బలవన్మరణం’. ఊరు మారుతుంది, వయసు పదిహేడో ఇరవయ్యో ఉంటుంది. కొంతకాలంగా అనారోగ్యంతో బాధపడుతోందని తండ్రి చెప్పినట్టు ఒక ముక్క, ఎస్సై కేసు నమోదు చేసినట్టు ఇంకో ముక్క. నాలుగైదు లైన్లలో వార్త ముగుస్తుంది. వేటపాలెంలో 1918లో పుట్టిన సారస్వత నికేతనం పాత పత్రికల్ని పదిలంగా దాచిన గ్రంథాలయం. రేపెప్పుడో ఒక పరిశోధకురాలు అలాంటి చోట కూర్చుని మన కాలపు జిల్లా పేజీలు తిరగేస్తే, ఆడపిల్లల ప్రాణాలు తీసినంతటి ఆ కడుపునొప్పి ఏమిటబ్బా అని తల పట్టుకోవడం ఖాయం.

ఆ నొప్పి అబద్ధమని అనడం లేదు. అల్సర్ ఉండొచ్చు, నెలసరి నొప్పి ఉండొచ్చు, ఇంట్లో చెప్పుకోలేని సంగతి ఇంకేదైనా ఉండొచ్చు. కానీ ఆ మాట ఎన్ని చేతులు మారుతుందో చూడండి. కూతురు పోయిన దుఃఖంలో తండ్రి పోలీసులకి తనకు తోచిన కారణం చెబుతాడు. పంచనామాలో అదే ఎక్కుతుంది. స్టేషన్ నుంచి జిల్లాకి, జిల్లా నుంచి రాష్ట్రానికి, చివరికి ఢిల్లీలో నేషనల్ క్రైమ్ రికార్డ్స్ బ్యూరోకి చేరేసరికి ఆ అమ్మాయి ‘అనారోగ్యం’ అనే గడిలో ఒక అంకె. 2022లో దేశంలో నమోదైన ఆత్మహత్యలు 1,70,924. అందులో ఆడవాళ్లు 48,172 మంది. కారణాల పట్టికలో కుటుంబ సమస్యలది 31.7 శాతం, అనారోగ్యానిది 18.4 శాతం. అనారోగ్యం కింద క్యాన్సర్, పక్షవాతం, మానసిక జబ్బు, ‘ఇతర దీర్ఘకాలిక వ్యాధులు’ అంటూ కొన్ని వరుసలున్నాయి. ఆ కడుపునొప్పి వెనక కొన్నిసార్లు దాగి ఉండగల తిండి జబ్బులకి, అంటే ఈటింగ్ డిజార్డర్లకి, వరుస లేదు.

పోలీసు లెక్కకి చేరనివి ఇంకెన్నో. 2016లో బ్యూరో లెక్క 1,31,008. అదే ఏడాదికి గ్లోబల్ బర్డెన్ ఆఫ్ డిసీజ్ పరిశోధకులు వేసిన అంచనా 2,30,314. మధ్యలో దాదాపు లక్ష తేడా. 2018లో లాన్సెట్ పబ్లిక్ హెల్త్‌లో వచ్చిన ఆ అధ్యయనమే ఇంకో మాట చెప్పింది: 2016లో ప్రపంచం మొత్తమ్మీద ఆత్మహత్య వల్ల చనిపోయిన ఆడవాళ్లలో 36.6 శాతం భారతీయులు. మన దేశంలో అలా పోయిన ఆడవాళ్లలో 71.2 శాతం 15–39 ఏళ్ల మధ్యవాళ్లు.

ఇంతకీ ఈటింగ్ డిజార్డర్లంటే ఏమిటో రెండు ముక్కల్లో. అనొరెక్సియాలో మనిషి తిండి తగ్గించుకుంటూ పోతుంది. ఒంటికి కావలసినంత కూడా తినదు, ఎంత చిక్కినా చాల్లే అనిపించదు. బులీమియాలో ఆపుకోలేనట్టు ఎక్కువగా తినేయడం, ఆ వెంటనే సిగ్గు, తిన్నది ఎలాగైనా ఒంటికి పట్టకుండా చూడాలన్న తపన. ఆ తపన లేకుండా, ఆపుకోలేనట్టు తినడం మటుకే ఉంటే అది బింజ్ ఈటింగ్. మొదటిది కంటికి కనబడుతుంది. మిగతా రెండింటిలో మనిషి మామూలుగానే ఉంటుంది, కాస్త బొద్దుగా కూడా ఉండొచ్చు. మగపిల్లలకీ ఇవి వస్తాయి, కాకపోతే ఎక్కువగా కనిపించేది ఆడపిల్లల్లో. మొదలయ్యేది చాలామందిలో ఇరవై ఏళ్ల లోపే.

ఇక లెక్కలు. 2011లో బ్రిటన్‌కి చెందిన జాన్ ఆర్సెలస్ బృందం 36 అధ్యయనాలను కలిపి చూసింది. అనొరెక్సియా ఉన్నవాళ్లలో మరణాలు అదే వయసు సాధారణ జనంతో పోలిస్తే 5.86 రెట్లు ఎక్కువ. చనిపోయిన ప్రతి అయిదుగురిలో ఒకరు ఆత్మహత్య వల్ల. ఆకలికీ గుండెకీ సంబంధించిన జబ్బుగానే దీన్ని చూసే అలవాటున్న వైద్యులకి ఆ ‘అయిదుగురిలో ఒకరు’ గట్టిగానే తగిలింది. అదే ఏడాది ఇటలీకి చెందిన ఆంటోనియో ప్రెటి బృందం ఆత్మహత్యలనే విడిగా లెక్కకట్టింది. అనొరెక్సియాలో సాధారణ జనంకన్నా 31 రెట్లు, బులీమియాలో 7.5 రెట్లు. 2018లో అమెరికాలో ఏప్రిల్ స్మిత్, సహచరులు వేసిన సమీక్షలో ఆ అంకెలు 18, 7.

31 రెట్లు అనగానే గుండె జారిపోతుంది. ‘రెట్లు’ అనే లెక్క భయపెట్టినంతగా అర్థం చెప్పదు. ప్రెటి బృందం చూసిన అసలు సంఖ్యలు ఇవి: అనొరెక్సియా ఉన్న 16,342 మందిని సగటున 11 ఏళ్లు గమనిస్తే ఆత్మహత్యతో పోయినవాళ్లు 245 మంది. నూటికి ఒకటిన్నర. మిగిలిన తొంభై ఎనిమిదిన్నర మంది ఆ దారిన పోలేదు. పైగా ఈ ముప్పు ఇటీవలి దశాబ్దాల్లో స్పష్టంగా తగ్గుతూ వస్తోందని కూడా ఆ బృందమే రాసింది. ఇక బులీమియా 7.5 రెట్లు అన్నది 1,768 మందిలో నాలుగే నాలుగు మరణాల మీద నిలబడ్డ లెక్క. ఇంకో ఇద్దరు అటో ఇటో అయితే అంకె తలకిందులవుతుంది. అయినా సరే, 31 రెట్లు అన్నది శీర్షికలకి ఎక్కుతుంది, నూటికి ఒకటిన్నర అన్నది ఎక్కదు. మంచం మీద బిడ్డను పెట్టుకుని చదివే తల్లికి అవసరమైంది మాత్రం రెండోదే.

ఈ లెక్కను మన దగ్గరికి తెచ్చినప్పుడు నాకు నిద్ర పట్టనివ్వని సంగతి వేరే ఉంది. ఆ 245 మందిని ఏడాదికి, లక్ష మందికి అని మారిస్తే 125 నుంచి 135 మధ్య వస్తుంది. ఇది పాశ్చాత్య దేశాల్లో ఎక్కువగా ఆసుపత్రి దాకా వెళ్లిన, జబ్బు ముదిరిన వాళ్లలోని రేటు. ఇప్పుడు మన రాయవేలూరు పక్కన కణియంబాడి బ్లాకుకి రండి. చిత్తూరు సరిహద్దుకి దగ్గరి పల్లెలు. క్రిస్టియన్ మెడికల్ కాలేజీ వాళ్లు అక్కడ దశాబ్దాలుగా ఇంటింటి జనన మరణాలు రాస్తున్నారు. 1992 నుంచి 2001 దాకా 10–19 ఏళ్ల పిల్లల మరణాలను వాళ్లు పరిశీలించి, 2004లో లాన్సెట్‌లో ప్రచురించారు. ఆడపిల్లల్లో ఆత్మహత్యల రేటు ఏడాదికి లక్షకు 148. మగపిల్లల్లో 58. ఆ వయసులో చనిపోయిన ఆడపిల్లల్లో సగం నుంచి ముప్పాతిక దాకా ఈ కారణంతోనే.

ఆ రెండు అంకెల్ని పక్కపక్కన పెట్టి చూడండి. అక్కడ జబ్బు ముదిరి ఆసుపత్రిలో చేరినవాళ్ల రేటు 130 చుట్టుపక్కల. ఇక్కడ ఏ జబ్బూ రాసిపెట్టి లేని మామూలు పల్లెటూరి ఆడపిల్లల రేటు 148. కణియంబాడి లెక్క పాతికేళ్ల కిందటిది, అది తమిళనాడు, వేటపాలేనికి దాన్ని యథాతథంగా అంటించడానికి లేదు. కానీ 18 రెట్లు, 31 రెట్లు అనే గుణకాల్ని మన దేశానికి ఎందుకు తేకూడదో ఇది చెబుతోంది. రెట్లు అనేవి అడుగున ఉన్న రేటు మీద ఆధారపడతాయి. అక్కడ ఆరోగ్యంగా ఉన్న అమ్మాయిల్లో ఆత్మహత్య చాలా అరుదు కాబట్టి జబ్బున్నవాళ్ల రేటు అన్ని రెట్లుగా పైకి లేచింది. మన దగ్గర అడుగు రేటే ఎత్తులో ఉంది. చదువు ఆపేయడం, ఇష్టంలేని సంబంధం, నలుగురిలో జరిగిన అవమానం, ఇంట్లో కొట్లాట, వీటిలో ఏదీ డాక్టరు రాసే జబ్బు కాదు. ఆ బరువు మీద తిండి జబ్బు ఇంకో బరువు. అందుకే ఇక్కడ ‘అన్నం మానేసిన పిల్ల’ అంటే పడమటి పుస్తకంలోని రోగికన్నా ముందే అంచు దగ్గర నిలబడ్డ పిల్ల కావచ్చునని నేననుకుంటాను.

ఎవరి గురించి ఎక్కువ బెంగపడాలన్న దాంట్లో కూడా మన అంచనా తప్పుతుంది. కళ్లు పీక్కుపోయి, గాజులు జారిపోతున్న పిల్లను చూస్తే అమ్మమ్మ దగ్గర్నుంచి పక్కింటివాళ్ల దాకా అందరూ అడుగుతారు. మామూలు ఒంటితో తిరిగే పిల్లను ఎవరడుగుతారు? అమెరికాలో 36 వేల మందికి పైగా పెద్దవాళ్లను అడిగిన జాతీయ సర్వే ఆధారంగా 2019లో ఉడో, బిట్లీ, గ్రిలో అనే పరిశోధకులు చూశారు. జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఆత్మహత్యకి ప్రయత్నించామని చెప్పినవాళ్లు, అనొరెక్సియాలో 24.9 శాతం, బింజ్ ఈటింగ్‌లో 22.9 శాతం, బులీమియాలో 31.4 శాతం. అనొరెక్సియానే మళ్లీ రెండుగా విడదీస్తే, తిండి తగ్గించుకోవడం ఒక్కటే ఉన్నవాళ్లలో 15.7 శాతం. దాంతోపాటు ఆపుకోలేని తిండి, దాన్ని వదిలించుకునే తపన కూడా ఉన్నవాళ్లలో 44.1 శాతం. ఒళ్లు ఎంత సన్నబడిందన్నది ఇక్కడ కొలబద్ద కాదు. లోపల ఎంత సిగ్గు, ఎంత రహస్యం పేరుకుందన్నది కొలవాలి. దానికి త్రాసు లేదు.

ఎందుకిలా అంటే, మొదట ఆకలి సంగతే చూడాలి. 1944 నవంబరులో మినెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ 36 మంది ఆరోగ్యవంతులైన యువకులతో ఒక ప్రయోగం మొదలుపెట్టాడు. యుద్ధం వల్ల కరవులో చిక్కిన జనాన్ని మళ్లీ ఎలా కోలుకునేట్టు చేయాలో తెలుసుకోవడానికి వాళ్లు ఇష్టపూర్వకంగా 24 వారాలు అర్ధాకలితో ఉన్నారు. ఏ మానసిక జబ్బూ లేదని పరీక్షించి తీసుకున్న మనుషులు. వారాలు గడిచేకొద్దీ నవ్వు పోయింది, స్నేహాలు తెగాయి, చిన్నదానికే చిరాకు, దిగులు. వంటల పుస్తకాలు కూడబెట్టి చదువుకున్నారు, పళ్లెం ముందు గంటలు గంటలు కూర్చున్నారు. ఒకరిద్దరి పరిస్థితి బాగా విషమించింది కూడా. తిండి జబ్బున్న అమ్మాయి మొండిదనీ, గర్విష్ఠిదనీ, ఎవరితో కలవదనీ ఇంట్లో అంటూ ఉంటారు. అందులో చాలావరకు ఆకలి చేయించే పని. అందుకే మాటలతో చేసే చికిత్సకన్నా ముందు తిండి లోపలికి వెళ్లాలని వైద్యులు పట్టుబడతారు.

రెండోది, మనసులో తిరిగే మాట. ఆత్మహత్యల మీద పనిచేసిన అమెరికన్ మనస్తత్వవేత్త థామస్ జాయినర్ 2005లో ప్రతిపాదించిన సిద్ధాంతంలో రెండు ఆలోచనలు కలిసినప్పుడు ప్రమాదమంటాడు: ‘నేను ఎవరికీ కానిదాన్ని’, ‘నేను వీళ్లకి భారం’. ఒంటిని చాలాకాలం బాధపెట్టుకున్న మనిషికి నొప్పి మీద, చావు మీద ఉండాల్సిన సహజమైన భయం మొద్దుబారడం దీనికి తోడవుతుంది. ఆడపిల్ల భారమన్న మాట పుట్టినప్పటినుంచీ చెవిన పడే చోట రెండో ఆలోచనని కొత్తగా ఎవరూ నాటక్కర్లేదు.

మూడోది, వంశంలో వచ్చేది. స్వీడన్‌లో 1979–2001 మధ్య పుట్టిన 22 లక్షల మందికి పైగా జనాన్ని రికార్డుల ద్వారా గమనించిన అధ్యయనం 2016లో వచ్చింది. ఈటింగ్ డిజార్డరు ఉన్న ఆడవాళ్లలో ఆత్మహత్యా ప్రయత్నాల అవకాశం మిగతావాళ్లకన్నా అయిదు రెట్లు. వాళ్ల తోబుట్టువుల్లో, ఆ జబ్బు లేనివాళ్లకి కూడా కాస్త ఎక్కువే. డిప్రెషన్ లాంటి ఇతర జబ్బుల్ని లెక్కలోంచి తీసేస్తే ఈ తేడా బాగా తగ్గింది. అంటే తిండి జబ్బు ఒంటరిగా రావడం తక్కువ. దిగులు, ఆందోళన దాని వెంటే ఉంటాయి. డాక్టరు ఒకదాన్ని చూసినప్పుడు రెండోదాన్ని వెతకాలి.

వేటపాలెంలో ఇది ఎలా కనబడుతుంది? గుంటూరు జిల్లాలో ఉండి, 1970లో ప్రకాశానికి, 2022లో బాపట్లకి మారిన ఊరు ఇది. మగ్గాల ఊరు, జీడిపప్పు ఊరు. తల్లి పొద్దున్నే జీడిపప్పు పొట్టు తీసే పనికి వెళుతుంది, తండ్రి మగ్గం గుంటలో కాళ్లు పెట్టి కూర్చుంటాడు. కూతురు క్యారియర్ సర్దుకుని చీరాల కాలేజీకి ఆటో ఎక్కుతుంది. సాయంత్రం క్యారియర్ ఖాళీగానే వస్తుంది. ఎవరు తిన్నారో క్యారియర్ చెప్పదు. రాత్రి నాన్నకి, తమ్ముడికి వడ్డించి ‘నేను తర్వాత తింటాలే’ అంటుంది. ఆడవాళ్లు ఆఖరున తినే ఇళ్లలో ఆ ఆఖరి పళ్లెం ముందు ఎవరైనా కూర్చుంటారా? శనివారం ఒంటిపూట, సోమవారం ఒంటిపూట, కార్తీకమాసమైతే నెలంతా మినహాయింపే. భక్తి అని మెచ్చుకుంటారు. ఉపవాసాన్ని తప్పుపట్టడం కాదు. వ్రతం ముగిశాక పారణ చేయని పిల్లని గమనించడం గురించి చెబుతున్నాను.

పైగా ఒకే వీధిలో రెండు రకాల మాటలు వినబడతాయి. ‘పెళ్లిచూపులకి కాస్త ఒళ్లు చెయ్యాలే’ అని ఒక ఇంట్లో, ‘కాస్త తగ్గవే, ఎవడు చేసుకుంటాడు’ అని పక్కింట్లో. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15–49 ఏళ్ల ఆడవాళ్లలో 14.8 శాతం ఉండాల్సినదానికన్నా సన్నగా ఉన్నారు, 36.3 శాతం ఎక్కువ బరువుతో ఉన్నారు, 58.8 శాతానికి రక్తహీనత. నూటికి దాదాపు అరవై మందికి రక్తం తక్కువున్న చోట నీరసంగా, పాలిపోయి, కళ్లు తిరుగుతున్న అమ్మాయిని చూస్తే ఎవరికైనా ముందు తోచేది ఐరన్ మాత్రే. తప్పు కూడా కాదు. ఆ మాత్రతో ప్రశ్న అక్కడితో ఆగిపోవడమే చిక్కు.

‘కడుపు’ అన్న మాట దగ్గరికి ఇప్పుడు రావాలి. హాంగ్‌కాంగ్‌లో సింగ్ లీ అనే మానసిక వైద్యుడు 1993లో 70 మంది అనొరెక్సియా రోగుల్ని వివరించాడు. వాళ్లలో 41 మందికి లావవుతామన్న భయమే లేదు. ఎందుకు తినవమ్మా అంటే కడుపు ఉబ్బరమనీ, ఆకలి లేదనీ, తింటే బరువుగా ఉంటుందనీ చెప్పారు. పాశ్చాత్య పాఠ్యపుస్తకంలో లావు భయం లేకపోతే అనొరెక్సియా అనడానికే లేదు అప్పట్లో. ఢిల్లీలో 1995లో ఖండేల్వాల్, శరణ్, సక్సేనా ప్రచురించిన అయిదుగురు యువతుల కేసుల్లోనూ తన ఒంటిని తాను లావుగా చూసుకునే ఆ లక్షణం కనిపించలేదు. అమెరికన్ మానసిక వైద్యుల నిర్ధారణ గ్రంథం 2013లో ఈ నిబంధనని సడలించింది. రాయవేలూరు ఆసుపత్రి నుంచి 2007లో వచ్చిన అధ్యయనంలో తిండి జబ్బున్న 41 మంది పిల్లల్లో 85.4 శాతానికి ఉన్నది మానసిక కారణాలతో వచ్చే వాంతులు. అనొరెక్సియా 14.6 శాతమే. మన పిల్లల బాధ అద్దం ముందు కాదు, పొట్ట దగ్గర మాట్లాడుతోందన్నమాట. చెన్నైలో 1995లో 210 మంది వైద్య విద్యార్థుల్ని చూసిన శ్రీనివాసన్ బృందానికి పూర్తి స్థాయి జబ్బు కన్నా, తిండి విషయంలో సతమతమయ్యే తేలికపాటి రూపమే ఎక్కువగా కనబడింది. 31 మందిలో, అంటే 14.8 శాతం.

అందుకే ఊళ్లో ఈ కథ తిరిగే దారి దాదాపు ఒకటే. ముందు ఆర్‌ఎంపీ దగ్గర గ్యాస్ మాత్ర, బి-కాంప్లెక్సు, ఒక సెలైన్ బాటిల్. తగ్గకపోతే దిష్టి, తాయెత్తు. ఆ తర్వాత చీరాలలోనో ఒంగోలులోనో గుంటూరులోనో స్కానింగు, ఎండోస్కోపీ. నెలసరి ఆగితే గైనకాలజిస్టు. అన్ని రిపోర్టులూ ‘నార్మల్’ అని వస్తాయి. ఇంట్లోవాళ్లు ‘ఏం జబ్బూ లేదంట, నాటకాలు’ అనేస్తారు. అమ్మాయి ఒంటరితనం పూర్తయ్యేది సరిగ్గా అక్కడే. ఆ సెలైన్ బాటిల్ గురించి ఒక హెచ్చరిక: చాలా రోజులు సరిగా తినని మనిషికి ఒక్కసారిగా గ్లూకోజ్ ఎక్కించినా, బలవంతంగా పెద్ద భోజనం పెట్టినా రక్తంలో ఫాస్ఫేటు, పొటాషియం పడిపోయి గుండె లయ తప్పే ప్రమాదముంది. బాగా చిక్కిపోయిన పిల్లకి తిండి మళ్లీ మొదలుపెట్టడం రక్తపరీక్షలు చేయగల ఆసుపత్రిలో, వైద్యుల కనుసన్నల్లో జరగాలి.

ఇది నగరం జబ్బు, డబ్బున్నవాళ్ల జబ్బు అనుకునేవాళ్లకి ఒక్క మాట. 2025 మార్చిలో కేరళలో కన్నూర్ జిల్లాకి చెందిన పద్దెనిమిదేళ్ల విద్యార్థిని తిండి మానేసి, ఆసుపత్రిలో చనిపోయింది. అనొరెక్సియా అని వైద్యులు అనుమానించారు. ఆమెది మహానగరం కాదు.

అడగడం గురించి. ‘చచ్చిపోవాలని అనిపిస్తోందా’ అని అడిగితే లేని ఆలోచన పెట్టినట్టవుతుందని పెద్దవాళ్లు జంకుతారు. 2014లో డాజ్జి, సహచరులు ఈ ఒక్క ప్రశ్న మీద వచ్చిన 13 అధ్యయనాలను పరిశీలించారు. అడగడం వల్ల ఆ ఆలోచనలు పెరిగినట్టు ఒక్కదానిలోనూ తేలలేదు. కాబట్టి వంటింట్లో ఇద్దరే ఉన్నప్పుడు ‘ఏమ్మా, ఈమధ్య బతకాలనిపించట్లేదా? నాతో చెప్పు, నేను కోప్పడను’ అని తల్లో, పిన్నో, అక్కో అడగొచ్చు. అవునంటే ఏడవడానికీ తిట్టడానికీ అది సమయం కాదు. ఆమెను ఒంటరిగా వదలకూడదు. మాత్రలు, పొలం మందులు తాళంలోకి వెళ్లాలి. పత్తి, మిరప పండే ఈ నేలలో ఇది ప్రతి ఇంటికీ వర్తిస్తుంది. అదే రోజు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. ప్రాణాపాయం అనిపిస్తే 108, లేదా 112. మాట్లాడటానికి, ఎక్కడికి వెళ్లాలో తెలుసుకోవడానికి కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన టెలి మానస్ ఉంది: 14416. రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు తీసుకోరు. ఈ కథనం చదువుతున్న అమ్మాయే ఆ స్థితిలో ఉంటే, ఆ నంబరు ఇంట్లోవాళ్ల కోసం మాత్రమే కాదు, నీ కోసం కూడా.

పోలీసు కేసు భయం ఇంకా పోలేదు. ‘ఆసుపత్రికి తీసుకెళితే కేసవుతుంది, పిల్లకి సంబంధాలు రావు’ అని దాచేవాళ్లున్నారు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లో వచ్చింది, 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. ఆత్మహత్యకి ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలనీ, శిక్షించకూడదనీ, చికిత్స, పునరావాసం ప్రభుత్వ బాధ్యతనీ దాని 115వ సెక్షను చెబుతుంది. పాత శిక్షాస్మృతిలోని 309వ సెక్షను 2024 జులై 1న వచ్చిన భారతీయ న్యాయ సంహితలోకి రాలేదు. ఆసుపత్రిలో పోలీసులకి సమాచారం వెళ్లొచ్చు. అంతమాత్రాన బిడ్డ నేరస్థురాలు కాదు.

ప్రయత్నించి బతికి బయటపడ్డవాళ్ల విషయంలో మనకి దగ్గర్లోనే తేలిన ఒక మంచి సంగతి ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అయిదు నగరాల్లో, అందులో చెన్నై ఒకటి, 1,867 మందితో చేసిన ప్రయోగం 2008లో ప్రచురితమైంది. చెన్నైలో దీన్ని నడిపింది 1986లో ‘స్నేహ’ సంస్థని స్థాపించిన డాక్టర్ లక్ష్మీ విజయకుమార్. సగం మందికి మామూలు వైద్యం చేసి పంపారు. మిగతా సగం మందితో డిశ్చార్జి ముందు ఒక గంట విడిగా మాట్లాడి, ఆ తర్వాత పద్దెనిమిది నెలల్లో తొమ్మిదిసార్లు ఫోన్లోనో ఇంటికెళ్లో పలకరించారు. పద్దెనిమిది నెలలకి మొదటి గుంపులో ఆత్మహత్యతో పోయినవాళ్లు 2.2 శాతం, రెండో గుంపులో 0.2 శాతం. ఖరీదైన యంత్రం లేదు, కొత్త మందు లేదు. దేశంలో లక్ష మందికి ఒక్క మానసిక వైద్యుడు కూడా లేని పరిస్థితిలో శిక్షణ పొందిన నర్సు, ఏఎన్ఎం చేయగలిగిన పని ఇది. ఇంత చవకైన పని ప్రతి ఏరియా ఆసుపత్రిలోనూ ఇప్పటికీ మామూలు వ్యవహారం కాకపోవడం నాకు మింగుడుపడదు.

తిండి జబ్బుకి కూడా వైద్యం ఉంది. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలకి బాగా పనిచేసేది కుటుంబాన్ని ముందు పెట్టి చేసేది. అమ్మానాన్నలే కొన్నాళ్లు పిల్ల భోజనం బాధ్యత తీసుకుంటారు, పక్కన కూర్చుని తినిపిస్తారు, పోట్లాట లేకుండా, బేరాలు లేకుండా. ఒంట్లో బలం వచ్చాక ఆ బాధ్యత మెల్లగా పిల్ల చేతికి ఇస్తారు. అమెరికాలో 121 మంది పిల్లలతో జేమ్స్ లాక్ బృందం చేసిన పోలికలో, చికిత్స ముగిసిన ఏడాదికి ఈ పద్ధతిలో దాదాపు 49 శాతం మంది, పిల్లతో ఒంటరిగా మాట్లాడే పద్ధతిలో దాదాపు 23 శాతం మంది పూర్తిగా కోలుకున్నారు. నలుగురూ ఒకేసారి కూర్చుని తినడం అనే చిన్న మార్పుతో మన ఇళ్లలో మొదలుపెట్టొచ్చు. దానికి ఆడవాళ్లు ఆఖరున తినే ఆనవాయితీ పక్కన పెట్టాలి. పెద్దయిన అమ్మాయిలకి, ముఖ్యంగా బులీమియాలో, ఆలోచనల మీద, అలవాట్ల మీద పనిచేసే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ ఉంది. దిగులు ఎక్కువగా ఉంటే దానికి మందులూ ఉన్నాయి. గుంటూరు, ఒంగోలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లో మానసిక వైద్య విభాగాలున్నాయి. కడుపు డాక్టరు దగ్గర రిపోర్టులన్నీ నార్మల్ వచ్చిన తర్వాత వెళ్లాల్సిన తదుపరి తలుపు అది.

‘ఎన్నాళ్లకి తగ్గుతుంది’ అన్నది ప్రతి తల్లీ అడిగేదే. బోస్టన్‌లో 1987 నుంచి అనొరెక్సియా, బులీమియా ఉన్న 246 మంది ఆడవాళ్లని ఏళ్ల తరబడి గమనించారు. 2003లో ఆ బృందమే వాళ్లలో జరిగిన మరణాల లెక్క ప్రచురించింది: మొత్తం 11, అందులో నాలుగు ఆత్మహత్యలు. అందరూ ఉటంకించేది ఆ లెక్కనే. 2017లో అదే మనుషుల గురించి ఇంకో లెక్క వచ్చింది. తొమ్మిదేళ్లకి చూసినప్పుడు బులీమియా ఉన్నవాళ్లలో 68.2 శాతం కోలుకున్నారు, అనొరెక్సియాలో 31.4 శాతమే. ఇక ఇంతేలే అనుకోదగ్గ అంకె. ఇరవై రెండేళ్లకి మళ్లీ చూస్తే అనొరెక్సియాలో కోలుకున్నవాళ్లు 62.8 శాతం. తొమ్మిదేళ్లకి తేరుకోని వాళ్లలో దాదాపు సగం మంది ఆ తర్వాత తేరుకున్నారు.